చెవి వెనక బిళ్ళ

పెళ్ళిచూపుల్లో నన్ను పాట వచ్చా అని అడిగారు, కుట్లు వచ్చా అని అడిగారు, రొయ్యల ఇగురు వచ్చా అని మా అత్తగారు ప్రత్యేకంగా అడిగారు. వాంతులు వస్తాయా అని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే దాచేదాన్ని కాదు. పెళ్ళయిన పదో రోజున, అరకు వెళ్ళే బస్సులో, ఘాట్ రోడ్డు మూడో మలుపు దగ్గర, ఆ సంగతి మా ఆయనకు తన కొత్త చొక్కా మీదుగా తెలిసింది.

అప్పట్నుంచి ఇరవై రెండేళ్ళ పాటు ప్రయాణమంటే నాకు కిటికీ పక్క సీటు, చేతిలో నిమ్మకాయ, ఒళ్ళో ప్లాస్టిక్ సంచీ. కారు పడదు, ఆటో పడదు. బట్టల కొట్టులో కదిలే మెట్లను చూస్తే చాలు, చీరల సంగతి మరిచిపోయి బయటికి పరిగెత్తేదాన్ని. బీయస్సీ ఫస్టు క్లాసు ఎందుకూ పనికిరాలేదు గానీ, నలభై నాలుగో ఏట నాలో ఉన్న ఈ ప్రతిభ మాత్రం పనికొచ్చింది. దాన్ని గుర్తించినవారు మా ఆయనే.

మా ఆయన పేరు పురుషోత్తం. విశాఖపట్నంలో, రుషికొండ మీద ఉన్న ఒక కంపెనీలో పెద్ద ఇంజినీరు. వాళ్ళు వీఆర్ హెడ్‌సెట్లు తయారు చేస్తారు. కళ్ళకు కట్టుకునే పెట్టె అనుకోండి. అది తగిలించుకుంటే మన హాలూ, హాల్లో ఆరేసిన బట్టలూ మాయమై ఎదురుగా హిమాలయాలు కనబడతాయి. తల తిప్పితే ఆ లోకం కూడా మనతోపాటు తిరగాలి. తల ముందు తిరిగి, బొమ్మ రెప్పపాటు వెనకబడితే చాలు, కడుపు గొంతులోకి వస్తుంది. బొమ్మ వెనకబడకుండా ఉండాలంటే సెకనుకు తొంభై బొమ్మలు గీయాలి. అన్ని గీయగల చిప్పు ఖరీదు ఎక్కువ, పైగా నుదుటి మీద అట్లపెనంలా కాలుతుంది. చవక చిప్పేమో పాతిక గీసేసరికి చతికిలపడుతుంది. ఆ చవక చిప్పుతోనే బడిపిల్లల పాఠాలకు లక్ష పెట్టెలు చేసిస్తామని కంపెనీ ఎవరికో మాటిచ్చేసింది.

పెట్టెలు బాగున్నాయో లేదో చూడటానికి మనుషులు కావాలి. ఆఫీసులో కుర్రాళ్ళు చిన్నప్పట్నుంచీ ఆటలాడి రాటుదేలిపోయారు, వాళ్ళకేమీ కాదు. ఒకరోజు పొద్దున్న ఇడ్లీ తింటూ మా ఆయన, గట్టిగా వాంతి చేసుకునేవాళ్ళు దొరకడం లేదని బాధపడి, ఉన్నట్టుండి తలెత్తి నాకేసి చూశారు. పెళ్ళయ్యాక ఆయన నాకేసి అంత ఆశగా చూడటం అదే మొదటిసారి.

రెండో మనిషిని నేనే తీసుకెళ్ళాను. పైడమ్మ పదిహేనేళ్ళుగా మా కాలనీలో చేపలమ్మేది. జాలరిపేటలో ఆవిడ ఇంట్లో అందరూ సముద్రం మీద బతికేవాళ్ళే. ఆవిడకు మాత్రం పడవ ఒడ్డున ఉండగానే తిప్పేది. అందుకే గంప నెత్తినెత్తుకుంది. ఆవిడకో అలవాటుండేది. అనుమానం కలిగిన చేప మొప్ప ఎత్తి, లోపల వేలు రాసి, ఆ వేలు నాలిక్కి తాకించేది. కడుపులో తిప్పితే ఆ చేప కాకులకు. తిప్పకపోతే గంపలోకి. ఐసు మీద ఎన్నాళ్ళుంది, ఏ పడవలో వచ్చింది అన్న లెక్క ఆవిడ ఎప్పుడూ పెట్టుకోలేదు. కాలనీ అంతా పైడమ్మ కడుపు మీద నమ్మకంతో చేపలు కొనేది.

మా ఇంట్లో అలాంటి పదవి నాది. రాత్రి మిగిలిన పప్పు దగ్గర్నుంచి ఊరి నుంచి వచ్చిన నెయ్యి దాకా, అత్తగారు గిన్నె మూత తీసి నా ముక్కు కింద పెట్టేవారు. నేను ముఖం చిట్లిస్తే పారబోత, లేకపోతే భోజనం. గౌరీశ్వరి గారని మా కింది వాటా ఆవిడ, ఆవిడ కూడా పాలగిన్నె పట్టుకుని మెట్లెక్కి వచ్చేవారు. మనిషికి ఏదో ఒక గౌరవం ఉండాలి కదా.

ల్యాబులో మా ఇద్దరికీ రెండు గుండ్రంగా తిరిగే కుర్చీలు, కుర్చీకొక స్టీలు బేసిను. ఎదురుగా మృణాళిని అనే పిల్ల కాగితం పట్టుకుని కూర్చునేది. మెదడు మీద పెద్ద చదువు చదివింది, బక్కగా ఉంటుంది, నన్ను ఆంటీ అంటుంది. ఆ కాగితంలో గడులు: పేరు, నిమిషాలు, చెమట, తేనుపులు, వాంతులు. వాంతులతో పట్టిక అయిపోతుంది, ఆ పైన గడి లేదు.

మొదటి నెలలో మా మీద చాలా ప్రయోగాలు చేశారు. బొమ్మ అంచులు మసకగా గీశారు. చూపు ఎక్కడుంటే అక్కడే స్పష్టంగా గీసి మిగతాది అలికేశారు. కళ్ళ మధ్య ఒక ముక్కు కనిపిస్తే కడుపు కుదురుగా ఉంటుందని ఎక్కడో చదివి, బొమ్మలో ముక్కు కూడా గీశారు. గీసిన కుర్రాడు ఎవరిని చూసి గీశాడో, అది మీసాలొక్కటే తక్కువైన మగ ముక్కు. అచ్చు చచ్చిపోయిన మా మావ ముక్కేనని పైడమ్మ పెట్టె ఊడబీకి విసిరేసింది. ఎన్ని చేసినా చవక చిప్పుతో మేం ఆరో నిమిషం దాటలేదు. ఇద్దరిలో ముందు ఎవరన్నదే పోటీ. ఎక్కువసార్లు నేనే గెలిచాను.

అప్పుడు మృణాళిని బిళ్ళ తెచ్చింది. రూపాయి కాసంత ఉంటుంది, మెత్తగా, చర్మం రంగులో. చెవి వెనక అంటిస్తే చీమ పాకినట్టు సన్నటి కరెంటు. ఇది దేనికని పైడమ్మ అడిగింది. కన్నేమో కదులుతున్నానంటుంది, చెవి లోపలి తూకమేమో కూర్చునే ఉన్నానంటుంది, ఇద్దరూ రెండు రకాలుగా చెబితే ఒంటికి అనుమానం వస్తుంది, విషం తిన్నామేమో అందుకే మతి తప్పిందనుకుని కడుపులో ఉన్నదంతా బయటికి తోసేస్తుంది, అని చెప్పిందా పిల్ల. ఈ బిళ్ళ మెదడులో ఆ అనుమానపు చోటుకు విషమేమీ లేదు, పడుకో, అని చెబుతుందట.

పైడమ్మ బిళ్ళను అటూ ఇటూ తిప్పి చూసింది.

"నిజంగా ఇసం తింటేనో?"

"నిజంగా ఎవరు తింటారు పైడమ్మా" అన్నారు మా ఆయన, బిళ్ళ మీది కాగితం తీస్తూ.

ఆ రోజు ఖరీదైన చిప్పు మీద సెకనుకు తొంభై బొమ్మలతో మొదలుపెట్టి అరవైకి దించారు. తరవాత నలభైకి, పాతికకు. ఆఖరికి ఇరవై. కొండల మీద ఎగురుతున్నాను, లోకం చిరిగిన గొడుగులా ఎగిరెగిరి పడుతోంది, నా బేసిను మాత్రం తళతళా మెరుస్తోంది. మా వాళ్ళు బొమ్మను వేగం చెయ్యలేక కడుపును నిదానం చేశారన్నమాట. సాయంత్రం కేకు కోశారు. నేను మూడు ముక్కలు తిన్నాను.

బిళ్ళ ప్రభావం గంటసేపేనని చెప్పారు. కానీ పదిహేనో రోజు తరవాత ఒక ఆదివారం, బిళ్ళ లేకుండానే అరకు బస్సెక్కాను. ముందు సీట్లో కూర్చున్నాను. మూడో మలుపు వచ్చింది, వెళ్ళింది. పదో మలుపు దగ్గర వెదురుబొంగు చికెన్ వాసన వేస్తే కిందికి దిగి కొనుక్కుని, బస్సు కదులుతుండగా తిన్నాను. లోయలూ కాఫీ తోటలూ అన్నీ చూశాను. ఇరవై రెండేళ్ళుగా అటు వెళ్తున్నా, అరకు దారిలో లోయలున్నాయని సంచీలో తల పెట్టుకున్నదానికి ఎలా తెలుస్తుంది. తిరుగు ప్రయాణంలో నిజంగా ఏడుపొచ్చింది. ఈ సుఖం మళ్ళీ పోతే నేను బతకలేనని అనుకున్నాను. ఆ మాట గుర్తుంచుకున్నాను కాబట్టే ఇదంతా చెబుతున్నాను.

ముప్ఫయ్యో రోజున మృణాళిని బిళ్ళలో కరెంటు వెయ్యడం మరిచిపోయింది. అయినా ఇద్దరికీ సున్నా. మా ఆయన సంతోషం పట్టలేక ఆ పిల్ల వీపు తట్టారు. బిళ్ళ కూడా అక్కర్లేకుండా మెదడు నేర్చేసుకుందన్నారు. ఆ పిల్ల మాత్రం తెల్లబోయింది. నేర్చుకున్నది మళ్ళీ మరుస్తుందో లేదో చూడాలని, పరీక్షలు లేని వేళల్లో మేమేం తింటున్నామో, ఒంట్లో ఎలా ఉంటోందో రాసుకోవడానికి కాగితంలో ఇంకో గడి పెడదామని అడిగింది. కాగితం పరీక్షలకు అనుమతిచ్చే కమిటీ ఆమోదించినదని, గడి కలిపితే మొదటి రోజు నుంచి పరీక్ష మళ్ళీ చెయ్యాలని, అంత వ్యవధి లేదని ఆయన అన్నారు. పైడమ్మ తన పేరెదుట సున్నాలు లెక్కపెట్టుకుంటోంది. బళ్ళో ఎప్పుడూ ఇన్ని సున్నాలు రాలేదట.

ఆ తరవాతి వారం, సోమవారం నాడు, మా ఇంట్లో వంకాయ రొయ్యల కూర మిగిలింది. మంగళవారం పొద్దున్న అత్తగారు మూత తీసి నా ముక్కు కింద పెట్టారు. వాసన వచ్చింది. చాలానే వచ్చింది. అయితే అది మంచిదో చెడ్డదో లోపల్నుంచి ఎవరూ చెప్పలేదు. బాగానే ఉందన్నాను. మా ఆయన ఆఫీసులో తిన్నారు, మేమిద్దరం ఇంట్లో తిన్నాం. మధ్యాహ్నానికి అత్తగారికి నాలుగు వాంతులయ్యాయి. అయిదు గంటలకల్లా లేచి కూర్చుని, నన్ను తిట్టి, ఇడ్లీ అడిగారు. నాకు ఒక్క వాంతీ కాలేదు. కానీ ఒళ్ళంతా ఎర్రగా కంది, చెవుల్లో హోరు పుట్టి, గోడ పట్టుకుని కూడా నిలబడలేకపోయాను. వీధి చివర డాక్టరు సూదిమందిచ్చి, పెద్దావిడ బయటికి పంపేసింది కాబట్టి తేలిపోయింది, మీరు లోపలే దాచుకున్నారు, ఇంకాస్త తిని ఉంటే కష్టమయ్యేది, అన్నాడు.

మంచంలో పడుకుని, డిగ్రీ చదివినదాన్ని కాబట్టి, రెండూ రెండూ కలుపుకున్నాను: బిళ్ళ పడుకోబెట్టిన ఆ అనుమానం ఇక లేవడం లేదు. సాయంత్రం మా ఆయనతో చెప్పాను. ఆయన షూ విప్పుతూ విన్నారు. మెనోపాజ్ కావచ్చు అన్నారు. కాదన్నాను. శుక్రవారం బెంగుళూరు నుంచి డబ్బు పెట్టేవాళ్ళూ, బడుల తరఫు పెద్దలూ వస్తున్నారని, వాళ్ళ ముందు నేనూ పైడమ్మా పెట్టె తగిలించుకుని తిరగాలని నాకు తెలిసిందే మళ్ళీ చెప్పారు.

"మరి పైడమ్మకు చెప్పొద్దా? ఆవిడ బతుకే నాలిక మీద" అన్నాను.

"చెప్పు. శుక్రవారం సాయంత్రం చెప్పు. మూడు రోజుల్లో కొంపలేం మునగవు హైమా."

ఆయన రెండో షూ విప్పి, మెత్తగా అన్నారు:

"ఇది ఆగిపోతే నువ్వు మళ్ళీ నిమ్మకాయ పట్టుకుని కిటికీ పక్కన కూర్చోవాలి. నీ ఇష్టం."

మా ఆయన చెడ్డవాడు కాదు. నేను దేనికి లొంగుతానో తెలిసినవాడు, అంతే.

మంగళ, బుధవారాల్లో తుపాను హెచ్చరిక ఉండి పడవలు కదల్లేదు. గురువారం పైడమ్మ గంపలో వచ్చినవి సోమవారం నాటి కానాగంత చేపలు. ఐసులో ఉన్నా ఎండలో ఎక్కడెక్కడ తిరిగాయో వాటికే తెలియాలి. నాకు ఒంట్లో బాగోలేదని ఆ రోజు మా ఇంట్లో కొనలేదు. కాలనీలో పదకొండు ఇళ్ళవాళ్ళు కొన్నారు. ఆవిడ ఎప్పటిలాగే మొప్ప ఎత్తి, వేలు రాసి, నాలిక్కి తాకించి మరీ అమ్మింది. సాయంత్రానికి పదకొండు ఇళ్ళలోనూ వాంతులే, పంపులు కారుతూనే ఉన్నాయి.

శుక్రవారం పొద్దున్న తొమ్మిదిన్నరకు మా ఇద్దరినీ తీసుకెళ్ళడానికి కంపెనీ కారు వస్తుందన్నారు. పైడమ్మ అంతకు ముందే వచ్చింది. పెద్దవాళ్ళు చూస్తారని ఇస్త్రీ చీర కట్టుకుంది. నిన్న మిగిలిన నాలుగు చేపలు చిన్న డబ్బాలో ఐసు వేసి తెచ్చింది, దారిలో ఎవరైనా అడిగితే ఇద్దామని. మా గేటు దగ్గరే గౌరీశ్వరి గారు పట్టుకున్నారు. ఆవిడ కళ్ళు లోతుకు పోయి ఉన్నాయి, గొంతు మాత్రం బాగానే ఉంది. పదిహేనేళ్ళు నమ్మితే కుళ్ళు చేపలు అంటగట్టావా అన్నారు. ఒక్కొక్క ఇంట్లోంచీ మనుషులు వచ్చి చేరారు. ఒకాయన, పోలీసులకు చెబుదామన్నాడు. ఇంకొకావిడ, ఇకమీద కాలనీలో అడుగుపెడితే గంప పగలగొడతామంది. నేను పై వాటా వరండాలో నిలబడి జడ వేసుకుంటున్నాను.

పైడమ్మ ముందు అర్థంకానట్టు చూసింది. తరవాత ఆవిడ ముఖంలో రక్తం లేదు. తిట్లు ఆవిడకు కొత్త కాదు, బేరంలో రోజూ తినేవే. కడుపును అబద్ధమనడం మాత్రం కొత్త. డబ్బా మూత తీసి, ఒక చేప మొప్ప ఎత్తి, అందరూ చూస్తుండగా వేలు నాలిక్కి తాకించింది. ఆగింది. ఏమీ కాలేదు.

"సూడండి. ఏటైనా అయిందా? నా కడుపు ఎప్పుడైనా అబద్ధమాడినాదా?" అంది.

నీ కడుపు ఎవరికి కావాలి, మాకు నమ్మకమైన మనిషి చెప్పాలి, అన్నారు గౌరీశ్వరి గారు. చెప్పి, తలెత్తి నాకేసి చూశారు. గేటు దగ్గరున్న మొత్తం జనం నాకేసి చూశారు. పైడమ్మ కూడా చూసింది, ఆశగా. డబ్బా పట్టుకుని మెట్లెక్కి వచ్చి, చేపను నా ముక్కు కింద పెట్టింది.

"మీరు సెప్పండి అమ్మగోరూ. మీ ముక్కు దాటి ఎవులూ పోరు."

వాసన వచ్చింది. ఉప్పు, ఐసు, ఇనుము, ఇంకా ఏదో. మల్లెపూలకు వాసన వచ్చినట్టే, చేపకూ వాసన. నాకు తెలియడం లేదు అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. ఎందుకు తెలియడం లేదని అడిగేవారు. చెప్పవలసి వచ్చేది. కారు పదిహేను నిమిషాల్లో వస్తుంది. ఇవన్నీ ఆలోచించాననుకుంటారేమో. లేదు. నాకు అరకు దారిలో లోయ కనిపించింది.

"బాగానే ఉందే" అన్నాను.

జనం గుసగుసలాడుకున్నారు. గౌరీశ్వరి గారు ఒప్పుకోలేదు, బాగుంటే నువ్వే తిని చూపించమని పైడమ్మతో అన్నారు. పైడమ్మ మా వంటింట్లోకి వచ్చింది. ఏపి పెట్టండమ్మగోరూ అంది. నేను పెనం పెట్టాను. కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించి నాలుగు చేపలూ వేయించాను. వేయిస్తే ఏ దోషమైనా పోతుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. కొన్ని విషాలు ఎంత కాల్చినా పోవని నా బీయస్సీ పుస్తకంలోనే ఉంది. పళ్ళెం తీసుకుని ఆవిడ మెట్ల మీద కూర్చుంది. నాలుగూ తిన్నది, ముళ్ళు ఏరి పక్కన పెడుతూ, ఎవరినీ చూడకుండా. తరవాత అరగంట అందరం నిలబడి ఆవిడ గొంతుకేసి చూశాం. కారొచ్చి ఆగింది, డ్రైవరు కూడా దిగి చూశాడు. ఆవిడ కనీసం తేన్చలేదు.

గౌరీశ్వరి గారు తల దించుకుని, మాకే పడలేదేమోలే, ఎండలు కదా, అన్నారు. ఆవిడ పైడమ్మ భుజం మీద చెయ్యి కూడా వేశారు. కారులో పైడమ్మ ముందు సీట్లో కూర్చుంది. తల బయటపెట్టి గాలి పీల్చుకుంటూ, సూసినారా అమ్మగోరూ, అంతమందిలో నా పరువు నిలబెట్టినారు, అంది. ఆ మాట వినబడనట్టు నేను కిటికీ అద్దం పైకి తిప్పాను.

ల్యాబులో కోట్లు వేసుకున్నవాళ్ళు ఎనిమిదిమంది ఉన్నారు. సెకనుకు ఇరవై బొమ్మలు, తిరిగే కుర్చీ, నలభై అయిదు నిమిషాలు. మా ఆయన చెప్పుకుపోతున్నారు. ముప్ఫయ్యో నిమిషంలో పక్క కుర్చీలోంచి పైడమ్మ, ఒళ్ళు ఏడెక్కిపోతందమ్మగోరూ, అని మెల్లగా అంది. నేను నా పెట్టె ఎత్తి చూశాను. ఆవిడ మెడ, చెవులు, చేతులు ఎర్రగా కందిపోయాయి. మృణాళిని లేచింది. మా ఆయన కూర్చోమని సైగ చేశారు. నలభై అయిదో నిమిషానికి బేసిను ఎత్తి అతిథులకు చూపించారు. అందులో గది కప్పు కనిపిస్తోంది. వాళ్ళు చప్పట్లు కొట్టారు. చప్పట్ల మధ్య పైడమ్మ కుర్చీలోంచి పక్కకు జారింది.

ఆసుపత్రిలో డాక్టరు మొదట అడిగిన ప్రశ్న వాంతులు ఎన్ని అని. మా ఆయన అలవాటు కొద్దీ, ఒక్కటీ లేదండీ అన్నారు, కొంచెం గర్వంగా కూడా. వాంతి లేదు, విరేచనం లేదు కాబట్టి తిండి సంగతి పక్కనపెట్టి, వాళ్ళు గుండె చూశారు, రక్తపోటు చూశారు, తలకు ఫొటో తీశారు. నేను బల్ల మీద కూర్చుని ఉన్నాను. మృణాళిని వచ్చి నా ముందు నిలబడి, పొద్దున్న ఏం తిందో తెలుసా ఆంటీ, అంది. అప్పటికి మధ్యాహ్నం మూడైంది. నాలుగు చేపలు అని చెప్పాను. ఆ పిల్ల పరిగెత్తింది. తరవాత ఉప్పునీళ్ళు పట్టారు, గొట్టం వేశారు, గొంతులో వేలు పెట్టారు. ఎవరు ఎంత బతిమాలినా ఆ కడుపు ఏమీ తిరిగి ఇవ్వలేదు. మేం దానికి అంత బాగా నేర్పాం. శనివారం మధ్యాహ్నం పైడమ్మ చచ్చిపోయింది.

పట్టికలో శుక్రవారం నాటి వరసలో పైడమ్మ పేరెదుట, ఆఖరి గడిలో సున్నా ఉంది. ఆ గడి తరవాత, గీత బయట, మృణాళిని పెన్నుతో మరణం అని రాసింది. గీత బయట రాసింది కంప్యూటరు తీసుకోదని మా ఆయన చాలా ఓపికగా చెప్పారు. కడుపులోంచి రుజువేమీ రాక గుండెపోటని డాక్టరే రాశాక మనమేం చెయ్యగలమన్నారు. ఆ పిల్ల మెడలో కార్డు తీసి ఆయన బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. వెళ్తూ నాకేసి చూసింది. ఏదైనా అని ఉంటే బాగుండేది.

కాలనీలో పైడమ్మను మంచి మనిషి అన్నారు. పెద్దకర్మకు తలా కొంత బియ్యం ఇచ్చారు. కంపెనీకి లక్ష పెట్టెల పని ఖాయమైంది. మృణాళిని చేసే పని చెయ్యడానికి మనిషి దొరక్క, అనుభవం ఉంది కదా అని నన్నే పెట్టారు. బిళ్ళలు అంటించడం, కాగితం నింపడం. మెడలో కార్డు కూడా ఇచ్చారు. కాదనడానికి నాకు కారణం తోచలేదు.

పెద్దకర్మ అయిన నాలుగో రోజు పైడమ్మ కూతురు నూకరత్నం ల్యాబుకు వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయి, తల్లి నుదురే. తనకూ పడవ పడదు, బస్సు పడదు, అమ్మ కుర్చీ ఖాళీగా ఉందంటే వచ్చానంది. మా ఆయన సంతోషించి, బిళ్ళ పెట్టి కూర్చోబెట్టమని నాకు చెప్పి పక్క గదిలోకి వెళ్ళారు.

తలుపు దగ్గరగా వేసి ఆ పిల్లకు అంతా చెప్పాను. బిళ్ళ ఏం చేస్తుందో చెప్పాను. మంగళవారానికే నాకు తెలుసని చెప్పాను. చేప వాసన చూసి బాగానే ఉందన్నది నేనేనని, వేయించి పెట్టింది నేనేనని, ఆసుపత్రిలో మూడు గంటల దాకా నోరు విప్పలేదని, ఏదీ దాచకుండా చెప్పాను. ఆ పిల్ల జుట్టు పట్టుకుంటుందేమో అనుకున్నాను, అరుస్తుందేమో అనుకున్నాను. అందుకే చెప్పానేమో కూడా. ఆ పిల్ల చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూస్తూ వింది.

"మాయమ్మ మోసం సెయ్యనేదు గదా" అంది చివరికి.

"లేదు."

అమ్మ పోయాక నెత్తిన గంపెత్తుకుని మూడు వీధులు తిరిగిందట. నీకు నాలిక పరీక్ష తెలుసా అని అడిగారట. తెలీదంటే ఒక్కరూ కొనలేదట. ఇంటి దగ్గర ఇద్దరు తమ్ముళ్ళున్నారట. ఇవన్నీ ఆ పిల్ల నన్ను తిడుతున్నట్టు కాదు, దారి అడుగుతున్నట్టు చెప్పింది. తరవాత తిరిగే కుర్చీ ఎక్కి కూర్చుంది.

"నాను సేపలు తిననులెండి అమ్మగోరూ" అని, జుట్టు పక్కకు తీసి చెవి చూపించింది.

బిళ్ళ నా వేలి కొసన ఉంది. లోపల్నుంచి ఏదైనా వస్తుందేమోనని కాసేపు ఆగాను. ఆ పిల్ల మెడ వంచుకుని కదలకుండా కూర్చుంది. పక్క గదిలోంచి మా ఆయన, అయిందా హైమా, అన్నారు.

ఏమీ రాలేదు. బిళ్ళ మీది కాగితం తీసి అంటించాను.